మంచుకై నిరీక్షణ



తెలుగున మంచు అను మాట పచ్చికపై నిలుచు బిందువులకును, హిమాలయములపై కురియు హిమమునకును ఒక్కటే. కావున మాఘమాసమున వాతావరణ సూచన వినుచు భిలాయిలోని తెలుగు పిల్లలు నిజమైన మంచును కోరుటలో వింత లేదు. 1959 ఫిబ్రవరి 4న ఇచ్చటి మొదటి కొలిమి ప్రారంభమైనప్పుడు హిమదేశమగు సోవియట్ యూనియన్ నుండి వచ్చిన ఇంజనీర్లకును ఇచ్చట ఎండయే కనబడినది.

హిమము కురియవలెనన్న చలియు తేమయు ఏకకాలమున కూడవలెను. 2018 ఫిబ్రవరి చివర తూర్పునుండి వీచిన చలిగాలి ఉత్తర సముద్రముపై తేమను గ్రహించి బ్రిటనును తెల్లబరచెను. ఛత్తీస్‌గఢ్ మైదానమున ఆ కూడిక కుదురదు. మధ్యధరా ప్రాంతమునుండి వచ్చు పశ్చిమ అలజడులు హిమాలయములపై హిమమును రాల్చును. వాని వెనుక దిగివచ్చు ఉత్తరపుగాలి చల్లనిదే గాని పొడిది. బంగాళాఖాతపు తేమ వచ్చినచో వెచ్చదనమును వెంటదెచ్చును. అప్పుడు వానయో, ఒక్కొక్కప్పుడు వడగండ్లో పడును.

పిల్లలు ఆ తెల్లని గడ్డలను దోసిళ్లతో ఏరుకొని మురియుదురు. ఊరివెలుపల దుర్గ్ రైతు కాయపట్టిన శనగచేనిని చూచి నిట్టూర్చును. ఇరువురును చూచునది ఒక్క మేఘమునే. సూచన వినుచు మంచును కోరువారు ఆ చేనిని గూడ తలచుట ఉచితము.