ఆ రోజును ఏమంటారు?



మాస్టారి పేరిట జరిగే ఈ స్మారకోపన్యాసానికి పిలిచినప్పుడు కమిటీవారు "మీకు నచ్చిన విషయం మీద మాట్లాడండి" అన్నారు. యూరప్‌లో చరిత్ర పాఠాలు బాగుపడాలని విశ్వవిద్యాలయాలవాళ్లు కలిసి చేసిన పని గురించి చెబుతానన్నాను. ఫోనులో అవతలివైపు కాసేపు చప్పుడు లేదు. జగ్గయ్యపేట హైస్కూలు మాస్టారి సభలో జర్మనీ, పోలండు ఏమిటని వాళ్ల సందేహం. ఆ సంగతి తేలాలంటే ముందు మా పదో తరగతి గదిలోకి వెళ్లాలి.

మన ఊరు ఒకప్పుడు బ్రిటిషు ఇలాకా. కాస్త దూరం పోతే నిజాం సరిహద్దు. మునగాల పరగణా చుట్టూతా నిజాం రాజ్యమే అయినా, పరగణా మాత్రం కృష్ణా జిల్లాది. అలాంటి చోట, నిజాం రాజ్యం పోయిన 1948 సెప్టెంబరు 17 పాఠం చెప్పాల్సి వచ్చింది మాస్టారికి. పుస్తకం తెరవలేదు. "ఆ రోజును మీ ఇంట్లో ఏమంటారో కనుక్కుని రండి" అని పంపేశారు.

మర్నాడు ఒక్కొక్కరూ లేచి చెప్పాం. మా ఇంట్లో పోలీసు చర్య. పక్కవాడింట్లో నిజాం దిగిపోయిన రోజు. రెండో బెంచీ అమ్మాయి, "ఆ తర్వాతే మా పెదనాన్న అడవిలోకి వెళ్లిపోయాడట" అంది. ఆఖరి బెంచీలో కూర్చునే మా మిత్రుడు ఎప్పుడూ గట్టిగా మాట్లాడేవాడు. ఆ రోజు మాత్రం, "మా నానమ్మ మిలిట్రీ వచ్చిన రోజు అంటుంది" అని వినీ వినబడనట్టు చెప్పి కూర్చున్నాడు. మాస్టారు ఏదీ దిద్దలేదు. అన్నీ బోర్డు మీద వరసగా రాశారు. మాలో ఒకడు లేచి, "పరీక్షలో ఏది రాయాలి మాస్టారూ?" అన్నాడు. బెల్లు కొట్టారు.

ఆ ప్రశ్ననే యూరప్‌లో ప్రొఫెసర్లు పట్టుకు కూర్చున్నారని చాలా ఏళ్లకు తెలిసింది.

1951లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో, ఒక టీచర్ ట్రైనింగు కళాశాలలో, గియోర్గ్ ఎకర్ట్ అనే చరిత్ర అధ్యాపకుడు పాఠ్యపుస్తకాలను బాగుచేసే సంస్థ ఒకటి పెట్టాడు. యుద్ధకాలంలో జర్మన్ సైన్యం తరఫున గ్రీసులోని థెస్సలోనికిలో వాతావరణ కేంద్రం చూసినవాడు. చివరికొచ్చేసరికి గ్రీకు ప్రతిఘటనవాదులతో సంబంధాలు పెట్టుకున్నాడు. యుద్ధం అయ్యాక ఒక్క విషయం పట్టుకున్నాడు: పొరుగుదేశాన్ని ద్వేషించడం పిల్లలకు బళ్లోనే అబ్బుతోంది, కాబట్టి పొరుగుదేశపు చరిత్రకారుణ్ని పిలిచి మన పుస్తకం అతనికి చూపించాలి, అతని పుస్తకం మనం చూడాలి. ఈ ఆలోచన అతనితో పుట్టింది కాదు. నానాజాతి సమితి రోజుల్లోనే, 1925లో, స్పెయిన్‌కు చెందిన కసారెస్ పేరుమీద ఇలాంటి తీర్మానం ఒకటి వచ్చింది. 1935లో ఫ్రెంచి, జర్మన్ చరిత్రకారులు కూర్చుని కొన్ని అంశాలు రాసుకున్నారు కూడా. అప్పటికే హిట్లర్ గద్దెనెక్కాడు. ఇక ఆ కాగితాలను పట్టించుకునేదెవరు?

1951లో మళ్లీ కూర్చున్నారు. ఫ్రెంచివారి వైపు పెద్ద పియెర్ రెనువాఁ. 1917లో యుద్ధరంగంలో ఎడమచెయ్యి పోగొట్టుకున్నవాడు. ఆ యుద్ధం ఎందుకు వచ్చిందన్నదే జీవితమంతా పరిశోధించాడు. జర్మన్ల వైపు గెర్‌హార్డ్ రిట్టర్. అతనూ అదే యుద్ధంలో సిపాయి. తర్వాత నాజీల జైల్లో నెలల తరబడి ఉన్నాడు. ఆ బల్ల దగ్గర ఏమేం మాటలు నడిచాయోగానీ, ఒంటిచేతి రెనువాఁ కాగితాలు తిప్పుకుంటూ, తన చెయ్యి తీసుకున్న దేశపు ప్రొఫెసరుతో వాక్యం వాక్యం బేరమాడి ఉంటాడు కదా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. చివరికి 40 అంశాల మీద ఒప్పందం కుదిరింది. అందులో ముఖ్యమైనది 1914 గురించి: ఆ ఏడు ఏ ఒక్క ప్రభుత్వమో, ప్రజలో యూరప్ యుద్ధాన్ని బుద్ధిపూర్వకంగా కోరుకున్నారని చెప్పడానికి దస్తావేజులు చాలవు. వెర్సాయ్ సంధిలోని 231వ అధికరణం నేరాన్ని జర్మనీ నెత్తిన పెట్టిందని జర్మన్లు ముప్పై ఏళ్లుగా రగిలిపోతున్నారు. ఆ మంట మీద నీళ్లు చల్లిన వాక్యం అది.

కథ అక్కడితో సుఖాంతమైతే నేనీ ఊరిదాకా వచ్చి చెప్పేవాణ్ని కాదు. పదేళ్లకు, 1961లో, హాంబర్గ్ ప్రొఫెసరు ఫ్రిట్జ్ ఫిషర్ పెద్ద పుస్తకం ఒకటి వేశాడు. జర్మన్ ప్రభుత్వపు దస్తావేజులే తిరగేసి, 1914లో జర్మనీ పాలకుల బాధ్యత చాలా ఎక్కువని వాదించాడు. అందరికంటే తీవ్రంగా ఎదురుతిరిగింది రిట్టరే. రెండు దేశాల పెద్దలు సంతకంలాంటి మాటతో కుదుర్చుకున్న అంశాన్ని జర్మనీవాడే తిరగదోడాడు. ఒప్పందం వమ్మయిందని అప్పట్లో కొందరు బాధపడ్డారు. నాకైతే అది జరగాల్సిందే అనిపిస్తుంది. ఇద్దరు ప్రొఫెసర్లు రాజీపడ్డారు కాబట్టి 1914 అలాగే జరిగిందనడానికి లేదు కదా. ఆ బల్ల వల్ల వచ్చిన లాభం వేరే: తర్వాత పోట్లాడుకున్నవాళ్లకు ఒకరి దస్తావేజులు ఒకరు చదివే అలవాటు అయింది.

పోలండుతో పని ఇంకా చిక్కు. 1970 డిసెంబరులో పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ విలీ బ్రాంట్ వార్సాలో మోకరిల్లిన ఫొటో మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత 1972లో, యునెస్కో నీడన, పశ్చిమ జర్మనీ-పోలండు పాఠ్యపుస్తకాల కమిషను ఏర్పడింది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక పోలండు దేశం మొత్తంగా పడమటికి జరిగింది. బ్రెస్లావు పోలిష్ వాళ్ల వ్రొత్స్వాఫ్ అయింది. సోవియట్లకు పోయిన ల్వూఫ్ నుంచి ప్రొఫెసర్లు వచ్చి ఆ ఊరి విశ్వవిద్యాలయంలో పాఠాలు మొదలుపెట్టారు. అంతకుముందు అక్కడ కాపురమున్న జర్మన్లు మూటాముల్లె సర్దుకున్నారు. తూర్పు యూరప్ మొత్తంమీద అలా పడమటికి పోయిన జర్మన్లు కోటికి పైనే.

దీన్ని పాఠంలో ఏమని రాయాలి? జర్మన్ కుటుంబాల్లో దీనిపేరు వెళ్లగొట్టడం. పోలిష్ పక్షానికి అది జనాన్ని తరలించడం, అదీ పెద్ద దేశాలు నిర్ణయించిన తరలింపు. 1976లో కమిషను అచ్చువేసిన సిఫార్సుల్లో 'వెళ్లగొట్టడం' అన్న మాట పక్కకు తప్పుకుంది. పశ్చిమ జర్మనీలో నిర్వాసితుల సంఘాలు భగ్గుమన్నాయి. ఇటు హిట్లర్-స్టాలిన్ ఒప్పందం రహస్య భాగాన్నీ, కాటిన్ అడవిలో పోలిష్ అధికారులను చంపడాన్నీ ప్రస్తావించడానికి పోలిష్ ప్రొఫెసర్లకు స్వేచ్ఛ లేదు. వెనక సెన్సారు కూర్చుని ఉంది. కాబట్టి ఆ సిఫార్సుల్లో రాసినవాటితో పాటు రాయకుండా వదిలేసినవీ చూసుకోవాలి. అయినా కమిషను మూతపడలేదు. కమ్యూనిస్టు ప్రభుత్వం పోయింది, సెన్సారు పోయింది, ఆ వదిలేసిన ఖాళీలను తర్వాతి తరం ప్రొఫెసర్లు తీరిగ్గా పూరించారు. 2016 నుంచి 2020 వరకు రెండు దేశాల పిల్లలకూ ఒకటే నాలుగు భాగాల పుస్తకం వచ్చింది. 1972 నుంచి లెక్క వేసుకోండి. ఏ మంత్రికైనా ఇంత ఓపిక ఉంటుందా?

చదువుల లెక్కల సంగతి కూడా ఒక ముక్క చెప్పి ముందుకు పోతాను. ఎం.ఎస్.కని జర్మనీ వెళ్లే మన పిల్లల నోట ఈసీటీఎస్ క్రెడిట్లన్న మాట వింటూనే ఉంటారు. మన బీటెక్ క్రెడిట్లు అక్కడ ఎన్నవుతాయని తల బద్దలు కొట్టుకుంటారు. ఒక దేశంలో చదివింది ఇంకో దేశంలో చెల్లడానికి యూరప్ పెట్టుకున్న లెక్క అది. 1989లో ఆ పద్ధతిని పరీక్షించడానికి ఎంచుకున్న ఐదు సబ్జెక్టుల్లో చరిత్ర ఒకటి. మిగతావి మెడిసిన్, కెమిస్ట్రీ, మెకానికల్ ఇంజనీరింగు, వ్యాపార నిర్వహణ. పీసాలో చదివిన విప్లవం పాఠం ఉప్సలాలో చెల్లుతుందా అన్న తగువులోంచే అక్కడి చరిత్ర విభాగాలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలైంది. పీసా విశ్వవిద్యాలయంలో ఆన్ కేథరిన్ ఐజాక్స్ నడిపిన చరిత్రకారుల బృందం ఇందులోంచి ఎదిగింది. 2005-2010 మధ్య 31 దేశాల 45 విశ్వవిద్యాలయాలు అందులో ఉన్నాయి. 180 మంది పరిశోధకుల్లో సగం పీహెచ్‌డీ విద్యార్థులే. నాకు నచ్చింది ఆ సగమే. రిటైరు కాబోయే ప్రొఫెసర్ల చేత బల్ల నింపితే మంచి భోజనాలు జరుగుతాయి, ఫొటోలు వస్తాయి. పదేళ్లకు ఆ మాట గుర్తుపెట్టుకునేవాడు ఉండడు. అంతకుముందే మొదలైన ట్యూనింగ్ అనే పథకంలో, చరిత్ర బీఏలో ఏయే రాజులు, ఏయే యుద్ధాలు ఉండాలో జాబితా ఇమ్మంటే చరిత్రకారులు కుదరదన్నారు. జాబితా కాదు, ఒకే సంగతిని వేర్వేరు కాలాలవాళ్లు వేర్వేరుగా రాశారని విద్యార్థికి తెలియాలి, అది చాలన్నారు.

ఇదంతా విన్నాక ప్రొఫెసర్లు చెబితే దేశాలు వినేస్తాయని అనుకునేరు. గ్రీసులో ఏమైందో చూడండి. థెస్సలోనికి విశ్వవిద్యాలయపు మరియా రెపూసి బృందం ఆరో తరగతికి కొత్త చరిత్ర పుస్తకం రాసింది. 1922 సెప్టెంబరులో స్మిర్నా, అంటే నేటి ఇజ్మీర్, తగలబడుతుంటే గ్రీకులు ప్రాణాలు అరచేత పట్టుకుని రేవుకు పరుగెత్తారు. పుస్తకంలో ఆ జనం రేవులో 'కిక్కిరిశారు' అని ఉంది. అంతే. తాతలు ఆ రేవు నుంచి వచ్చిన ఇళ్లలో అది నిప్పులాంటి మాట. చర్చి కన్నెర్ర చేసింది, పత్రికలు విరుచుకుపడ్డాయి, 2007లో పుస్తకాన్ని వెనక్కి తీసుకున్నారు. రెపూసి ఉద్దేశం మంచిదే, ద్వేషం తగ్గించాలనే. కానీ ఆ ఒక్క మాటలో రేవు కనబడింది, మంట కనబడలేదు. ద్వేషం తగ్గించబోయి దుఃఖాన్ని కూడా తగ్గించేశారు. 

ఇక పరీక్షలో ఏది రాయాలన్న మావాడి ప్రశ్న. 2003లో బెర్లిన్‌లో కూడిన ఫ్రెంచి, జర్మన్ యువత రెండు దేశాలకూ ఒకే చరిత్ర పుస్తకం కావాలని అడిగారు. 2006, 2008, 2011లలో మూడు భాగాలు వచ్చాయి. అటు ఫ్రాన్సు మొత్తానికీ ఒకటే సిలబసు, ఇటు జర్మనీలో 16 రాష్ట్రాలకు 16 సిలబసులు, అన్నిటికీ సరిపోవాలి. 1945 తర్వాత అమెరికా ఏం చేసిందన్న దగ్గర ఇరుపక్షాలకూ పొసగలేదు. అప్పుడు ఫ్రాన్సువాళ్లకు ఇలా కనబడింది, జర్మన్లకు అలా కనబడింది అని అధ్యాయం చివర రెండూ పెట్టారు. చక్కటి పని. కానీ ఆ పుస్తకం ఎక్కువగా చేరింది రెండు భాషల్లో చదివే ప్రత్యేక తరగతులకే. మామూలు బడిలో టీచరు పరీక్షకు పనికొచ్చే పుస్తకమే కొనిపిస్తాడు. ఎక్కడైనా అంతే.

సెప్టెంబరు 17 దగ్గరికే మళ్లీ వస్తాను. 2022లో అదే రోజున హైదరాబాదులో కేంద్ర ప్రభుత్వం విమోచన దినమంది, రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా వజ్రోత్సవాలంది. 2024లో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమంది. నిజాం రాజ్యం తెలుగువాళ్లదొక్కటే కాదు కదా. మరాఠ్వాడాలో అది ముక్తి సంగ్రామ దినం, కలబురగి వైపు కల్యాణ కర్ణాటక ఉత్సవం. ఒక రాజ్యం పోయిన రోజు ఇవాళ మూడు రాష్ట్రాల పిల్లలకు మూడు పాఠాలు. హైదరాబాదు, ఛత్రపతి సంభాజీనగర్, కలబురగిలలో విశ్వవిద్యాలయాలున్నాయి. సరిహద్దుకు ఇటువైపున్న మనమూ ఉన్నాం. అప్పట్లో ఆ సరిహద్దు దాటి మన ఊళ్లోకి కాందిశీకులై వచ్చినవాళ్ల మనవలు ఈ సభలో కూడా ఉన్నారు. నాలుగు చోట్ల నుంచి ఇద్దరేసి టీచర్లు, ఇద్దరేసి పరిశోధక విద్యార్థులు ఏటా ఒక వారం కూర్చోవడానికి ఖర్చు పెద్దది కాదు. ఈ స్మారకోపన్యాసపు ఎండోమెంటు వడ్డీ దానికి చాలదని కోశాధికారి గారు ఇందాకే నా చెవిన వేశారు. రైలు ఛార్జీలకైనా చాలుతుందేమో ఇంకోసారి చూడమని అందరి ముందూ అడుగుతున్నాను.

మాస్టారి సంగతి మిగిలింది. బెల్లు కొట్టాక ఆయన తలుపు దగ్గర ఆగి, "ఎవరెవరు ఏమంటారో రెండు మూడు రాయండి, ఎందుకంటారో కూడా రాయండి" అన్నారు. "మార్కులు పోతాయేమో మాస్టారూ" అన్నాడు అడిగినవాడే. మాస్టారు డస్టరు తీసుకుని వెళ్లిపోయారు. పబ్లిక్ పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. మా ఇంటి మాట, పెదనాన్న అడవికి వెళ్లిన అమ్మాయి మాట, ఆఖరి బెంచీ మిత్రుడి నానమ్మ మాట, మూడూ రాశాను. సోషల్‌లో మొత్తం మీద మంచి మార్కులే వచ్చాయి. ఆ జవాబుకు ఎన్ని వేశారో మాత్రం తెలియదు. అప్పట్లో పేపర్లు తిరిగి చూపించేవాళ్లు కారు.