నావికుడు రాబర్టు స్మాల్సు

1897వ సంవత్సరమున అమెరికా కాంగ్రెసు ఒక్క మనిషి కొరకు ప్రత్యేకముగా ఒక చిన్న శాసనము చేసెను. దక్షిణ కరొలీనా రాష్ట్రమునందలి బ్యూఫర్టు రేవులో నివసించు రాబర్టు స్మాల్సు అను వానికి నెలకు 30 డాలర్ల పింఛను ఈయవలెనని దాని సారాంశము. నౌకాదళమున కెప్టెనుగా పనిచేసినవానికి వచ్చు పింఛనుతో అది సమానము. అంతకు పదునాలుగేండ్ల ముందు, 1883లో, ఈతనిని విశ్రాంతి పొందిన కెప్టెనుల పట్టీలో చేర్చవలెనని ఒక ప్రతిపాదన వచ్చి నెగ్గక పోయెను. యుద్ధము ముగిసి అప్పటికి ముప్పది రెండేండ్లు. ఇంత ఆలస్యమేల? స్మాల్సు శత్రువుల గుండ్ల నడుమ ఓడలు నడిపినవాడే. కాని నౌకాదళపు పుస్తకములలో అధికారిగా ఆతని పేరెన్నడును ఎక్కలేదు. ఆతడు నల్లవాడు, బానిసగా పుట్టినవాడు.

1839వ సంవత్సరము ఏప్రిల్ 5వ తేదీన బ్యూఫర్టులో, ప్రిన్సు వీధియందలి ఒక పెద్ద భవంతి వెనుకనున్న బానిసల గుడిసెలో ఆతడు జన్మించెను. తల్లి లిడియా ఆ ఇంటి పనిమనిషి. యజమాని ఇంట బాలుడు ఒకింత గారాబముగానే పెరుగుచుండెను. అది చూచి తల్లికి భయము కలిగినదట. బానిసలను కొరడాలతో కొట్టు చోటికి కుమారుని తీసికొనిపోయి, కన్నులార చూడుమనెనట. తన బిడ్డ తానెవరో మరచిపోరాదని ఆ తల్లి తలంపు. కఠినమైన చదువే, కాని ఆమె చేతనున్న చదువు అదియొక్కటే.

పండ్రెండవ యేట యజమాని ఆతనిని చార్లెస్టను నగరమునకు కూలికి పంపెను. అక్కడ వీధిదీపములు వెలిగించెను, హోటలులో వడ్డించెను, రేవులో బరువులు మోసెను, క్రమముగా ఓడలపై పని నేర్చెను. కష్టము ఆతనిది, కూలి యజమానిది. హోటలులో పనిచేయు హన్నా అను బానిస యువతిని పెండ్లాడెను. వారికొక కూతురు కలిగెను. నాటి చట్టము ప్రకారము బానిసరాలి బిడ్డ ఆమె యజమానికి సొత్తు. స్మాల్సు ఆ యజమానితో తన భార్యకు, కూతురునకు 800 డాలర్లకు బేరము కుదుర్చుకొనెను. కట్టుకొన్న ఆలిని, కన్న బిడ్డను కొనుక్కొనుటకు బేరమాడుట! ఓడపై జీతము నెలకు 16 డాలర్లు. అందులో తనకు మిగులునది ఒక్క డాలరు. ఆ సొమ్ము ఎన్నటికి కూడును? ఈలోపల యజమాని మనసు మారి తల్లీబిడ్డలను చెరియొక చోట అమ్మివేసినచో అడుగువాడెవ్వడు? స్మాల్సు చేసిన సాహసము నంతటిని ఈ ప్రశ్న నుండియే చూడవలెనని నా అభిప్రాయము.

1861లో అంతర్యుద్ధము ఆరంభమయ్యెను. బానిసత్వమును నిలుపుకొనగోరిన దక్షిణాది రాష్ట్రములు వేరుపడి చార్లెస్టను రేవును కోటలతో కట్టుదిట్టము చేసెను. అంతవరకు ప్రత్తి మోసిన ప్లాంటరు అను ఆవిరి ఓడను సైన్యపు సరకుల కొరకు తీసికొనిరి. దాని చుక్కాని స్మాల్సు చేతిలో ఉండెను. గోదావరి లాంచీలపై ప్రయాణము చేసిన శ్రోతలకు సరంగు విలువ తెలియును. మేట ఎక్కడ వేసినది, పోటు ఎప్పుడు తీయును, ఇవి ఏ పటమునను దొరకవు. చార్లెస్టను నీటిదారులన్నియు స్మాల్సునకు కరతలామలకములు. అయినను పైలెటు అను పేరు తెల్లవారికే చెల్లుననుచు, వారాతనిని చక్రము పట్టువాడని మాత్రమే పిలిచిరి.

1862 మే 12వ తేదీ రాత్రి కెప్టెను, తక్కిన తెల్ల అధికారులు నియమమునకు విరుద్ధముగా ఓడను విడిచి ఇండ్లకు పోయిరి. తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతమున స్మాల్సు లంగరెత్తించెను. మరియొక రేవుకట్ట వద్ద దాగియున్న హన్నాను, పిల్లలను, తక్కినవారి కుటుంబములను ఎక్కించుకొనెను. మొత్తము పదునారుగురు. పట్టుబడినచో ఓడను ముంచి తామును మునుగవలెనే కాని ప్రాణములతో చిక్కరాదని ముందే నిశ్చయించుకొనిరి.

స్మాల్సు కెప్టెను గడ్డిటోపీ తలపై పెట్టుకొని, ఆయన నిలుచు తీరుననే నిలిచెను. కోట తరువాత కోట దాటుచు, ప్రతి చోటను ఈల వేసి సంకేతము చెప్పుచు పోయెను. చివరిది, భయంకరమైనది, సమ్టరు దుర్గము. దానికి దూరముగా జరిగిపోవలెనని ఎవరికైనను తోచును. కాని దూరము జరిగిన ఓడపైననే అనుమానము పుట్టును. స్మాల్సు నిత్యము పోవు దారినే, నిత్యము పోవు వేగముననే పోయెను. కావలివారు ఈల విని పొమ్మనిరి. ఫిరంగుల పరిధి దాటినంతనే దక్షిణాది జెండా దింపి తెల్లని దుప్పటి ఎగురవేసిరి. ఎదుట ఉత్తరాది నౌక ఆన్‌వర్డు ఫిరంగులు ఎక్కుపెట్టియుండెను. మంచుతెరలో ఆ తెల్లని గుడ్డ కంటబడుటచేత వారందరు బ్రదికిరి.

స్మాల్సు తెచ్చినది ఓడ మాత్రమే కాదు. అందు ఫిరంగులు, సంకేతముల పుస్తకము ఉండెను. ఏ కోటను శత్రువు ఖాళీ చేసినాడో ఆతని నోట విని, కొలది దినములలో ఉత్తరాది సేన కోల్సు ద్వీపమును ఆక్రమించెను. ఓడకు బహుమానముగా ఆతని వాటాకు 1,500 డాలర్లు ముట్టెను. ఓడ వెల మరీ తక్కువగా కట్టినారని తరువాత కాంగ్రెసులోనే చెప్పుకొనిరి. 1900లో మాత్రము, మునుపిచ్చినది కలుపుకొని, 5,000 డాలర్లు మంజూరు చేసిరి.

ఆ పిదప ఆతడు నౌకాదళమునకు పైలెటు. 1863 ఏప్రిల్ 7వ తేదీన చార్లెస్టనుపై దాడిలో ఆతడు నడిపిన ఇనుపకవచపు నౌక కియోకక్కునకు తొంబది గుండ్లు తగిలెను. మరునాటి ఉదయము అది మునిగెను. ఆ యేటి చివర ప్లాంటరుపై గుండ్లు కురియగా, తెల్ల కెప్టెను బొగ్గుల గదిలో దాగెనట. చుక్కాని విడువక ఓడను గట్టు చేర్చిన స్మాల్సునే దానికి కెప్టెనుగా నియమించిరి. ఓడను మరమ్మతునకై ఫిలడెల్ఫియాకు కొనిపోయిన నెలలలో ఉపాధ్యాయులను పెట్టుకొని చదువను వ్రాయను నేర్చెను. అప్పటికి ఆతనికి ఇరువది యయిదేండ్లు. ఆ నగరముననే ట్రాముబండిలో నల్లవాడవని సీటు విడువుమనిరి. అందువలన రేగిన అలజడి 1867లో అట్టి వివక్షను నిషేధించు చట్టమునకు తోడ్పడెను.

పన్నులు కట్టని ఇండ్లను ప్రభుత్వము వేలము వేయగా, తాను ఏ ఇంటి వెనుక గుడిసెలో పుట్టెనో ఆ ఇంటినే స్మాల్సు కొనెను. తల్లి లిడియాను తెచ్చి అందుంచెను. పూర్వపు హక్కుదారుడు వేసిన దావా సుప్రీంకోర్టు వరకు పోయి, 1878లో స్మాల్సు పక్షమున తీర్పయ్యెను. ఆ వేలములలో నేల కొన్న నల్లవారందరి హక్కులకును ఆ తీర్పు అండయయ్యెను. పూర్వపు యజమానురాలు వృద్ధాప్యమున మతి చెదరి తన ఇల్లే యనుకొని రాగా, స్మాల్సు ఆమెను ఆదరించి ఉండనిచ్చెనని ఆ కుటుంబమున చెప్పుకొందురు.

ఆలస్యముగా చదువబ్బిన వానికి బడి విలువ తెలియును. బ్యూఫర్టులో నల్లపిల్లల బడికై ఒక మేడ కొనెను. 1868లో రాష్ట్ర రాజ్యాంగ సభలో అందరు పిల్లలకును ఉచిత విద్య ఉండవలెనని తీర్మానము పెట్టెను. 1875-1887 మధ్య అయిదు పర్యాయములు కాంగ్రెసు సభ్యుడయ్యెను. 1877లో లంచము నేరముపై శిక్ష పడెను, 1879లో గవర్నరు క్షమాభిక్ష ఇచ్చెను. రాజకీయ ప్రత్యర్థులు పన్నిన కేసనియే నేటి చరిత్రకారులలో పలువురి అభిప్రాయము.

1895లో ఆ రాష్ట్రము మరల రాజ్యాంగము వ్రాసెను. చదువురానివారికి, ఆస్తిలేనివారికి ఓటు లేకుండ చేయుట, అనగా నల్లవారిని తొలగించుట, దాని ఉద్దేశము. బానిసలకు చదువు చెప్పుట నేరమని చట్టము చేసినదియు ఆ రాష్ట్రమే! సభలో నల్ల ప్రతినిధులు ఆరుగురే. స్మాల్సు వాదించి ఓడెను. దానిపై సంతకము చేయనివారికి దారిబత్తెము ముట్టదని బెదరించగా, సంతకము చేయుటకన్న ఇంటికి నడచిపోవుదునని చెప్పెనట. ఆతడు సంతకము చేయలేదు. ఆ యేడే రెండవ భార్యయు మరణించెను, హన్నా 1883లోనే పోయెను. మూడేండ్ల కుమారునితో స్మాల్సు మరల బ్యూఫర్టు ఇల్లు చేరెను.

పింఛను వచ్చినది ఆ తరువాత రెండేండ్లకు. 1915 ఫిబ్రవరి 23వ తేదీన, ప్రిన్సు వీధి ఇంటనే, డెబ్బది యైదవ యేట ఆతడు కన్నుమూసెను. 2023లో అమెరికా నౌకాదళము ఒక యుద్ధనౌకకు రాబర్టు స్మాల్సు అని పేరు మార్చెను. అంతవరకు దాని పేరు చాన్సలర్సువిల్లు. దక్షిణాది సేన గెలిచిన ఒక యుద్ధభూమి పేరది.