మంచుకొండలలో గ్రంథయాత్ర
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



యాత్రలు పలువిధములు. పుణ్యము కోరినవాడు తీర్థయాత్ర చేయును. లాభము కోరినవాడు ఓడ యెక్కును. రాజ్యము కోరినవాడు దండు కదలించును. ఒక భాషను నేర్చుకొనుటకై, ఆ భాషలో దాగియున్న గ్రంథములను చదువుటకై మంచుకొండలలోనికి నడచిపోయినవారు మాత్రము లోకమున అరుదు. అట్టివారిలో నొకడు హంగరీ జాతీయుడగు చోమా. ఆతడు పోయిన సీమ లడఖ్‌లోని జాంస్కార్. గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున ఆ గ్రంథయాత్రను స్మరించుట యుచితము.

జాంస్కార్ ఒక లోయ. అయినను దాని నేలయే సముద్రమట్టమునకు 11,000 అడుగులకు పైని యున్నది. చుట్టును హిమశిఖరములు. పూర్వము లోనికి పోవలెనన్న కనుమలు దాటవలసియుండెడిది. పెన్సి కనుమ 14,000 అడుగులకు మించినది. దక్షిణపు షింగో కనుమ 16,000 అడుగులకు మించినది. వానమేఘము ఆ కొండలను దాటి వచ్చుట అరుదు. కావున చెట్టుచేమలును అరుదు. కరగిన మంచునీటిని కాలువలలో మళ్లించి యవలు పండింతురు. వేయించిన యవల పిండియు, ఉప్పు వెన్న కలిపి చిలికిన తేనీరును అచటివారి నిత్యాహారము. వంటచెరకు దొరకని చోట పిడకలే గతి. శీతకాలమున కనుమలు మంచుతో మూసికొనిపోవగా గడ్డకట్టిన జాంస్కార్ నదియే పూర్వము వారికి బాటగా నుండెడిది. దానిని చాదర్ అందురు. ఆ మంచుపలకపై అడుగులో అడుగు వేసికొనుచు తమ వెన్నను లేహ్ దిక్కునకు మోసికొనిపోయి అమ్ముకొనెడివారు.

ఊరి మొగదల తెల్లని స్తూపములుండును, వానిని చోర్టెన్‌లందురు. మంత్రాక్షరములు చెక్కిన రాళ్లను పేర్చిన పొడవాటి గోడలు బాటవెంట కానవచ్చును. బాటసారి వానిని తన కుడివైపున నుంచుకొనియే నడచును. అమరావతిని చూచిన యాంధ్రునకు స్తూపమును గాని, ప్రదక్షిణమును గాని క్రొత్తగా చెప్పవలసిన పనిలేదు.

అంతకంటెను మనకు పరిచితమైనది మఱియొకటి యచట కలదు. బౌద్ధవిహారములలోని పుస్తకములు సన్నగా, పొడవుగా, విడివిడి పత్రములుగా నుండును. పైన నొక పలక, క్రింద నొక పలక పెట్టి, గుడ్డతో చుట్టి, త్రాటితో కట్టుదురు. మన తాళపత్ర గ్రంథమును, కరణముల యిండ్లలోని పాత కవిలెకట్టను చూచినవారు ఆ యాకారమును వెంటనే గుర్తింతురు. తాటిచెట్టు మొలవని దేశమున కాగితము తాటియాకు రూపమును ధరించెను! భారతదేశమునుండి ధర్మము పోయినప్పుడు దానితో కూడ పుస్తకపు రూపము సైతము కొండ యెక్కినదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

ఆ గ్రంథములు వాటంతట అవి కొండ నెక్కలేదు. పదవ శతాబ్ది చివర పశ్చిమ టిబెటునందలి గూగే రాజు ఇరువదియొక్కమంది బాలురను సంస్కృతము నేర్చుటకై కాశ్మీరమునకు పంపెనని సంప్రదాయము చెప్పుచున్నది. చలిదేశపు బిడ్డలు, క్రిందిసీమల యెండకును జ్వరములకును తాళలేకపోయిరి. ఇద్దరు మాత్రమే బ్రతికి తిరిగి వచ్చిరట. వారిలో నొకడు రించెన్ జాంగ్‌పో (958–1055). తన దీర్ఘాయువునంతయు అనువాదములకును విహారములకును అర్పించి ఆతడు మహానువాదకుడని పేరొందెను. ఇట్టివారెందఱో వంశపారంపర్యముగ శ్రమింపగా బుద్ధవచనములు కంజూర్ అను సంపుటావళిగాను, భారతాచార్యుల శాస్త్రవ్యాఖ్యానములు తంజూర్ అను సంపుటావళిగాను ఏర్పడినవి. నార్తాంగ్ ముద్రణలో మొదటిది 100 సంపుటములు, రెండవది 225 సంపుటములు. సాతవాహన రాజునకు ఆచార్య నాగార్జునుడు వ్రాసెనని చెప్పబడు సుహృల్లేఖ తంజూర్‌లో చేరియున్నది. దాని సంస్కృత మూలము పుట్టిన నేలమీద శతాబ్దుల తరబడి కానరాలేదు. కృష్ణాతీరపు రాజునకు వ్రాసిన జాబు, కృష్ణాతీరమున లేకపోయినను, మంచుకొండలలో భద్రముగ నుండెను.

ఈ భాండారమును వెదకుటకే చోమా బయలుదేరెనా? కాదు. ఆతడు 1784లో ట్రాన్సిల్వేనియాలోని కొరోష్ అను పల్లెలో పేదకుటుంబమున జన్మించెను. ఆ పల్లె నేడు రుమేనియాలో నున్నది. తన హంగరీ జాతికి మూలపురుషులు ఆసియా నడిగడ్డనెచటనో యుండిరనియు, వారిని వెదకవలెననియు బాల్యమునుండి ఆతని కోరిక. పెక్కుభాషలు నేర్చెను. 1819 నవంబరులో కొలది సామగ్రితో బయలుదేరి, అలెగ్జాండ్రియా, అలెప్పో, బాగ్దాద్, టెహరాన్, బుఖారా, కాబూలు, లాహోరుల మీదుగా, చాలభాగము కాలినడకను సాగి, 1822 జూన్‌లో లేహ్ చేరెను. అచటినుండి యార్కండునకు పోవలెనని తలంచెను గాని, దారి ప్రమాదకరమనియు, వ్యయము భరింపరానిదనియు తెలిసి వెనుదిరిగెను. మూడేండ్ల నడక వృథాయైనట్లే తోచెను.

తలవని తలంపుగా, తిరుగుదారిలో ద్రాస్ సమీపమున విలియం మూర్‌క్రాఫ్ట్ అను ఆంగ్లేయుడు ఎదురయ్యెను. ఆతడు ఈస్టిండియా కంపెనీ కొలువులోని పశువైద్యుడు. మేలుజాతి గుఱ్ఱములకై ఆ సీమలలో తిరుగుచుండెను. ఆతడు చోమా చేతిలో నొక పుస్తకము పెట్టెను. 1762లో రోమునగరమున ముద్రితమైన జార్జి పండితుని టిబెటు భాషా గ్రంథమది. చోమా దానిని చదివి, అది యెంత లోపభూయిష్టమో గ్రహించి, ఆ భాషను దాని పుట్టినింటనే నేర్వవలెనని నిశ్చయించెను. మూర్‌క్రాఫ్ట్ ధనసాహాయ్యము చేసెను. సరిహద్దుసీమల భాష తెలిసినవాడు కంపెనీకిని అక్కఱయే. ఏది యెట్లయినను, దారిలో చేతికందిన యొక్క పుస్తకము ఒక మనుష్యుని జీవితమును మలుపు త్రిప్పెను. గ్రంథాలయముల బలము నెఱుగగోరువారికి ఈ యొక్క యుదాహరణము చాలును.

1823 జూన్‌లో చోమా జాంస్కార్‌లోని జాంగ్లా చేరి, మరుసటి యేడు అక్టోబరు వరకు పదునాఱు మాసములు అచట నుండెను. చలికాలము మూడు నాలుగు మాసములు తొమ్మిదడుగుల చదరపు గదిలో ఆతడును, గురువగు లామాయు, ఒక సేవకుడును మాత్రమే యుండిరి. బయట అడుగు పెట్టరాని మంచు. లోపల నిప్పు లేదు, చీకటి పడిన వెనుక దీపము లేదు, పడకకు వట్టినేల. గొఱ్ఱెతోలు కప్పుకొని, చేతులు ముడుచుకొని, ప్రొద్దుటనుండి సాయంకాలము వరకు చదువుట. పుట త్రిప్పుటకై తోలులోనుండి చేయి పైకి తీయుటయే యొక సాహసము. ఏడు సముద్రములు దాటుట వీరకార్యమని లోకము పొగడును. ఒక్క గదిలో కదలక కూర్చుండుటను ఎవ్వరును పొగడరు. కాని ఆ నడకవలన చోమాకు లభించినది దూరము మాత్రమే; విద్య లభించినది ఈ కూర్చుండుట వలననే.

ఆ లామా పేరు సంగ్యే ఫున్‌ట్సోగ్. వైద్యమునందును, జ్యోతిషమునందును, శాస్త్రములందును ఆఱితేఱినవాడు. పరదేశి, పరమతస్థుడు, పేదవాడునగు శిష్యుని ఆతడు నిరాకరింపలేదు. ఇద్దఱకును ఉమ్మడిభాష పారసీకము. దాని మూలముననే పదమునకు పదము, అర్థమునకు అర్థము సమకూర్చుకొనిరి. గ్రంథముల పట్టికలు, శాస్త్రముల సంగ్రహములు లామా స్వహస్తముతో వ్రాసి యిచ్చెను.

పని ఒక్క చలికాలముతో ముగియలేదు. 1824 చివర సబాథు చేరగనే సరిహద్దు అధికారులు చోమాను శంకించి నెలల తరబడి నిలిపివేసిరి. సంశయము తీరిన పిమ్మట నెలకు 50 రూపాయలు మంజూరయ్యెను. మరల జాంస్కార్‌కు పోయి ఫుగ్తాల్ విహారమున చదివెను. ఆ విహారము కొండచఱియలోని గుహ చుట్టును తేనెపట్టువలె అల్లుకొని యున్నది. పిమ్మట 1827 మొదలు 1830 వరకు, నేటి హిమాచల ప్రదేశమున కిన్నౌర్ సీమలోని కానమ్ గ్రామమున నివసించి, అచటి విహారమందలి కంజూర్ తంజూర్‌లను పరిశోధించెను. వచ్చిన 50 రూపాయలలో సగము, అనగా 25 రూపాయలు, లామాకు ముట్టజెప్పెను. మిగిలిన సగములోనే సేవకుని జీతము, ఇంటిబాడుగ, తిండి, బట్ట! జమాఖర్చులు తెలిసినవారు ఈ లెక్కను చూచిన చాలును. ఆ శిష్యుడు గురువును ఏ స్థానమున నుంచెనో బోధపడగలదు.

1834లో కలకత్తాయందు ఆతని టిబెటు–ఆంగ్ల నిఘంటువును, వ్యాకరణమును ముద్రితమైనవి. నిఘంటువు ముఖపత్రముననే, జాంస్కార్ పండిత లామా సంగ్యే ఫున్‌ట్సోగ్ సాహాయ్యముతో తయారైనదని అచ్చువేయబడినది. గురువు పేరు ముందు, చోమా పేరు వెనుక. స్థానిక పండితుల యిండ్లలో నేర్చుకొని, వారి పేరెత్తకయే కీర్తి సంపాదించుకొన్నవారు కలరు. ఆ కాలమున ఈ ముఖపత్రము ధర్మమునకు నిలువెత్తు సాక్ష్యము. 1836లో కంజూర్ తంజూర్‌ల విషయవివరణము ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడెను. మూలములు నశించెననుకొన్న భారతీయ గ్రంథములు అనువాదరూపమున ఎన్ని మిగిలియున్నవో అప్పుడు పండితలోకమునకు తెలియవచ్చెను.

అటుపిమ్మట ఆ యాత్రికుడు చేపట్టిన యుద్యోగమేది? గ్రంథపాలకత్వము! 1837 మొదలు ఏషియాటిక్ సొసైటీ గ్రంథాలయమును ఆతడు చూచుకొనెను. పుస్తకముల పెట్టెలు చుట్టును పెట్టుకొని, వాని నడుమ చాప పఱచుకొని, అన్నమును తేనీరునే ఆహారముగా గొని కాలము గడపెను. లాసా నగరమునకు పోవలెనను కోరిక మాత్రము చావలేదు. 1842లో, 58వ యేట, మరల కాలినడకను బయలుదేరెను. కొండలపాదమునందలి తెరాయి అడవులలో జ్వరము సోకెను. డార్జిలింగ్ చేరినను అది విడువలేదు. ఏప్రిల్ 11వ తేదీన కన్నుమూసెను. సమాధి యచటనే కలదు.

ఇచట నొక విషయము గమనింపదగియున్నది. గ్రంథములను కొండపైకి తీసికొనిపోవ వచ్చిన బాలురను పల్లపు జ్వరములు బలిగొన్నవి. ఆ గ్రంథములను లోకమునకు మరల తెచ్చినవానిని, ఎనిమిది వందల యేండ్ల తరువాత, పల్లపు జ్వరమే బలిగొన్నది. మంచుకొండల చలికి తాళినవాడు దోమకాటునకు తాళలేకపోయెను. ఒక గ్రంథము చేతికి వచ్చినపుడు దాని వెల అట్టపై నచ్చువేసినంతయే యనుకొనరాదు. అందులో చెల్లింపబడిన ప్రాణములు ఏ చిట్టాలోను వ్రాయబడియుండవు.

చోమా తాను వెదకినది కనుగొనలేదు. హంగరీ భాష ఫిన్నిష్ మొదలగు భాషలకు చుట్టమని నేటి భాషాశాస్త్రము చెప్పుచున్నది. టిబెటుతో దానికి బాంధవ్యము లేదు. వెదకినది దొరకకపోయినను, దొరికినదానిని విడువక సేవించుట ఆతని మహత్త్వము. తన పూర్వులకై వచ్చి పరుల పూర్వుల సొత్తును కాపాడి యిచ్చెను.

నేడు కాలము మాఱినది. నిమ్ము, పదుమ్, దార్చాలను కలుపు 298 కిలోమీటర్ల రహదారి 2024 మార్చిలో జాంస్కార్ గుండ కలిసినది. పూర్వము రోగిని మంచుబాటపై మోసికొనిపోయిన జనులకు ఆ దారి ప్రాణదాత. దానిని చూచి విచారించుట పరదేశి విలాసమే యగును. చోమాను తలంచుకొని హంగరీదేశీయులు జాంగ్లా వచ్చి, ఆతడుండిన పాత కోటను బాగుచేసి, ఆ యూరి పిల్లలకు పాఠశాల నెలకొల్పుటకు తోడ్పడిరి. ఋణము తీర్చుకొనుట యననిదియే. 2006 జనవరిలో అమరావతియందు కాలచక్ర మహోత్సవమును జరిపిన దలైలామా, 2014 జూలైలో లేహ్ సమీపమున అదే యుత్సవమును జరుపుచు, నాగార్జునుని సుహృల్లేఖను లడఖ్ ప్రజలకు బోధించిరి. సాతవాహన రాజునకు వ్రాసిన జాబు ఇంకను చదువబడుచునే యున్నది.

రహదారి యాత్రికుని కనుమ దాటించును. గుడ్డముడి విప్పి పత్రమును చదివింపలేదు. ఆ పని చదువువాడే చేయవలెను, కూర్చుండి చేయవలెను, చెప్పువాని నాశ్రయించి చేయవలెను. జాంస్కార్ విహారములలో గ్రంథములు నిలిచినది ఎత్తువలన మాత్రమే కాదు. ఏటేట వానిని విప్పి, చదివి, మరల కట్టిన చేతులవలన. చదువరి లేని బీరువా ఎంత ఎత్తున నున్నను చెదలకే దక్కును.

ఈ గ్రామ గ్రంథాలయమునకు మంచుకనుమలు అడ్డము లేవు. తలుపు వీధిలోనికే తెఱచియున్నది. చోమా ఏండ్ల తరబడి నడచి చేరిన స్థలమునకు ఇచటి బాలుడు నాలుగడుగులలో చేరగలడు. ఆ తరువాతి పని, కూర్చుండుట, ఆతనిదే.  రాబోవు ఇరువదియైదేండ్లును పుస్తకములు చేతులు మాఱి నలిగి అరుగునుగాక, దుమ్ము పట్టి కాదు!

స్వస్తి.