జాబితాలో లేని బిడ్డ



ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లో కొంట దగ్గర శబరి ఒడ్డునా, భోపాలపట్నం చుట్టుపక్కలా తెలుగు ఇంటి భాషే. ఆ వైపు సంతలో నిలబడితే గోండీ, హల్బీ, తెలుగు ఒకే బేరంలో వినిపిస్తాయి. బస్తర్ అంటే తెలుగువారికి దూరదేశం కాదు, ఏటికి అవతలి గట్టు. డాక్టర్లుగా, నర్సులుగా ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో కొందరికి తొలి పోస్టింగు ఆ గట్టుమీదో, ఈ గట్టుమీదో పడుతుంది. అక్కడ మీకోసం ఎదురుచూసే పని ఒకటుంది. పసిపిల్లల టీకాల పని.

టీకా పని సూదితో మొదలవదు, పేరుతో మొదలవుతుంది. ఏ ఊళ్ళో ఎందరు పుట్టారు, ఏ ఇంటి బిడ్డకు ఆరో వారం నిండింది అన్న లెక్క ఉంటేనే ఏఎన్‌ఎం సంచి సర్దుకుని బయలుదేరగలదు. నారాయణపూర్ జిల్లా నుంచి చుట్టుపక్కల జిల్లాల్లోకి పరుచుకున్న అబూజ్‌మాడ్ సుమారు 4,000 చదరపు కిలోమీటర్ల కొండలూ అడవులూ. స్వాతంత్ర్యం వచ్చాక డెబ్బై ఏళ్ళదాకా అక్కడ రెవెన్యూ సర్వే మొదలే కాలేదు. భూమికే లెక్క లేనిచోట పసిబిడ్డకు లెక్క ఎక్కడిది? హెపటైటిస్-బి తొలి డోసు పుట్టిన 24 గంటల్లో పడాలి. కాన్పు ఇంట్లోనే జరిగి, ఆ కబురు ఉప కేంద్రానికి చేరేసరికే వారం గడిస్తే ఆ డోసు పోయినట్టే. పెంటావాలెంట్ మొదటి డోసు కూడా అందని పిల్లలను ఆరోగ్య శాఖ ‘జీరో డోస్’ పిల్లలంటుంది. డబ్ల్యూహెచ్‌వో, యూనిసెఫ్ అంచనాల ప్రకారం 2023లో మన దేశంలో అలాంటి పిల్లలు సుమారు 16 లక్షలు. మరుసటి ఏడాదికి 9 లక్షలకు తగ్గారు. తగ్గినందుకు సంతోషించాలి. మిగిలిన వారెవరో వెతకాలి. వెతికితే వారు దొరికేది కొండవాలు గూడేల్లో, వలస కూలీల గుడిసెల్లో, కాల్పులకు భయపడి ఊరొదిలిన కుటుంబాల్లో.

మిగిలింది కొద్దిమందే కదా అనుకోవడానికి వీల్లేదు. తట్టు సంగతే చూడండి. ఎవరికీ రక్షణ లేని ఊళ్ళో తట్టు సోకిన ఒక్క బిడ్డ నుంచి 12 నుంచి 18 మందికి అంటుకుంటుంది. రోగి గదిలోంచి వెళ్ళిపోయాక కూడా వైరస్ రెండు గంటలదాకా గాలిలో నిలుస్తుంది. దాన్ని ఆపాలంటే నూటికి 95 మంది పిల్లలకు రెండు డోసులూ పడాలి. జిల్లా సగటు బాగానే ఉన్నా, టీకా పడని పిల్లలంతా ఒకే గూడెంలో ఉంటే ఆ సగటు ఆ గూడేన్ని కాపాడలేదు. 2022లో ముంబైలో తట్టు చెలరేగి పసివాళ్ళ ప్రాణాలు తీసింది. పెద్దాసుపత్రులున్న మహానగరంలోనే అలా జరిగితే, తిండి చాలక బక్కచిక్కిన పిల్లలున్న అడవి ఊళ్ళో ఏం జరుగుతుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. తట్టు తగ్గిపోయాక కూడా అంతకుముందు సంపాదించుకున్న రోగనిరోధక శక్తిని కొంతవరకు చెరిపేసి పోతుంది. ఆ తర్వాతి నెలల్లో విరేచనాలో న్యుమోనియానో వచ్చి బిడ్డ చనిపోతే, దాని వెనక తట్టు ఉందని ఎవరూ రాసుకోరు.

ఇక మందును అక్కడికి చేర్చడం. టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని ఐస్‌లైన్డ్ రిఫ్రిజిరేటర్ దాటాక ఆ భారమంతా భుజాన వేలాడే వ్యాక్సిన్ క్యారియర్‌దే, అందులోని నాలుగు ఐస్‌ప్యాక్‌లదే. సీసా మీద గుండ్రటి గుర్తులో చిన్న చతురస్రం ఉంటుంది. వేడి తగిలేకొద్దీ దాని రంగు ముదురుతుంది. చుట్టూ ఉన్న వలయం రంగుతో కలిసిపోయిందంటే ఆ మందు పనికిరాదు. తట్టు-రుబెల్లా మందు కలిపాక నాలుగు గంటలే గడువు, మిగిలింది పారేయాలి. ఏరు దాటి, గట్టెక్కి వెళ్ళేసరికి అక్కడ ఒక్క బిడ్డే ఉంటే, ఐదు డోసుల సీసా తెరవాలా వద్దా? తెరవాల్సిందే. వృథా పట్టికలో నాలుగు డోసులు ఎక్కినా నష్టం లేదు. ఆ బిడ్డను వెనక్కి పంపితే తల్లి మళ్ళీ వస్తుందన్న నమ్మకం లేదు.

ఇది అయ్యే పనేనా అన్న అనుమానానికి బస్తరే జవాబు చెప్పింది. ఛత్తీస్‌గఢ్ 2002లో మితానిన్ కార్యక్రమం మొదలుపెట్టింది. ఊరివాళ్ళే ఎంచుకున్న ఆడమనిషి ఊరి ఆరోగ్యం చూసుకుంటుంది. దేశమంతా ఆశా కార్యకర్తలు వచ్చింది ఆ తర్వాత మూడేళ్ళకు, 2005లో. 2020 జనవరిలో ‘మలేరియా ముక్త్ బస్తర్’ మొదలైనప్పుడు సిబ్బంది ఇంటింటికీ వెళ్ళి, జ్వరం ఉన్నా లేకున్నా రక్తపరీక్ష చేశారు. పైకి ఏ లక్షణమూ లేనివారిలో కూడా మలేరియా బయటపడింది. వేలికొన మీద నెత్తురు బొట్టు కోసం ప్రతి గడపా తొక్కగలిగిన వ్యవస్థ టీకా కోసం తొక్కలేదా?

అయితే గడపే నిలకడగా లేని కుటుంబాలూ ఉన్నాయి. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక వేలాది కుటుంబాలు దక్షిణ బస్తర్ వదిలి గోదావరి తీర అడవుల్లోకి వచ్చాయి. భద్రాచలం, ములుగు వైపు వారిని గుత్తికోయలంటారు. తెలంగాణలో వారికి ఎస్టీ గుర్తింపు లేదు, భూమి పట్టా లేదు, ఎప్పుడు ఎక్కడ ఉంటారో తెలియదు. ఒక రాష్ట్రం జాబితాలోంచి జారిపోయిన బిడ్డ ఇంకో రాష్ట్రం జాబితాలోకి ఎక్కలేదు. భద్రాచలం కేంద్రంగా ‘డాక్టర్స్ వితవుట్ బోర్డర్స్’ సంస్థ సంచార వైద్యశాలలతో ఆ సరిహద్దు ఊళ్ళకు తిరిగింది. ఇది ఎంతో మెచ్చదగ్గ సేవ. కానీ రెండు ప్రభుత్వాల ఆరోగ్య కేంద్రాలు రిజిస్టర్లు పంచుకుంటే తీరే కొరత కూడా చాలా ఉంది. టీకాకు కులధ్రువీకరణ పత్రం అక్కర్లేదు, ఆధార్ లేదన్న సాకు చెల్లదు.

తల్లుల భయాన్ని మూఢత్వమని కొట్టిపారేయకండి. పెంటావాలెంట్ వేసిన రాత్రి బిడ్డకు ఒళ్ళు వెచ్చబడుతుంది, తొడ వాస్తుంది, ఏడుపు ఆగదు. ముందే చెప్పి, మాత్ర చేతికిచ్చి, మర్నాడు ఒకసారి తొంగిచూస్తే ఆ తల్లి రెండో డోసుకు తానే వస్తుంది. చెప్పకుండా పోతే ఇంకో నలుగురు తల్లులు తలుపులు వేసుకుంటారు. ఒకప్పుడు మశూచిని అమ్మవారి రాకగా భావించి మొక్కిన దేశం మనది. 1802 జూన్ 14న బొంబాయిలో మూడేళ్ళ అన్నా డస్టాల్‌కు దేశంలో మొదటి టీకా పడింది. 1975 మేలో అస్సాంలోని కరీంగంజ్‌లో చివరి కేసు కనిపించేదాకా 173 ఏళ్ళు పట్టింది. ఆ ఏళ్ళన్నిటా ఎవరో ఒకరు గడప గడపకూ నడుస్తూనే ఉన్నారు.

మందు కొరత మనకు లేదు. ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు వరప్రసాద్‌రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హైదరాబాద్‌లో హెపటైటిస్-బి టీకా తయారుచేసి, దిగుమతి మందుకు వందల రూపాయలు పెట్టలేని ఇళ్ళకు దాన్ని దగ్గర చేసింది. రోటావైరస్ విరేచనాలను అడ్డుకునే రోటావాక్ కూడా హైదరాబాద్ నుంచే వచ్చింది. 2016లో దేశంలో రోటావైరస్ టీకాను ముందుగా మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఈనాడు సార్వత్రిక టీకా కార్యక్రమంలో మందులన్నీ ఉచితమే.

అందుకే మీకు ఒక్క మనవి. పోస్టింగులో చేరిన మొదటి వారంలోనే ఆ ఊరి మితానిన్‌నో, ఆశా కార్యకర్తనో, మంత్రసానినో కలవండి. ఈ ఏడాది పుట్టిన పిల్లల పేర్లన్నీ అడిగి రాసుకోండి. ఆ పేర్లను మీ రిజిస్టరుతో పోల్చి చూడండి. రిజిస్టరులో లేని పేరు ఏ ఇంటిదో తెలుసుకుని, వచ్చే టీకాల రోజున ముందుగా ఆ ఇంటికే వెళ్ళండి.