తుపాకి తనంత తాను పేలదు



ఆయుధములను గూర్చి మాట్లాడుమని ఈ సభవారు నన్ను కోరినప్పుడు, మీరు వీరగాథ వినుటకు సిద్ధపడి వత్తురేమోయని నాకు కొంత సంకోచము కలిగినది. నేను చెప్పబోవునది వీరగాథ కాదు. పెండ్లిపందిటిలోను, బ్యాంకు గుమ్మమునను, నలుగురు నడచు బజారులోను, ఎవ్వరిపైనను పగలేని మనుష్యుని చేతినుండి వెలువడి, ఎవ్వరికిని అపకారము చేయని మనుష్యుని దేహమున దిగు గుండును గూర్చి నాలుగు మాటలు చెప్పెదను.

మొదట భాషను గూర్చి మనవి చేయుదును. ఇట్టి వార్తలను మన పత్రికలు వ్రాయు తీరును గమనింపుడు. తుపాకి ప్రమాదవశమున పేలినదని యొకరు, మిస్‌ఫైర్ అయినదని యొకరు వ్రాయుదురు. ఈ మిస్‌ఫైర్ అను మాట మన తెలుగు నేలపై అడుగుపెట్టి తలక్రిందులైనది. ఆయుధవిద్య నెరిగినవారి పరిభాషలో దాని యర్థము, మీట నొక్కినను తూటా పేలకుండుట. మనమో, పేలరాని సమయమున పేలుటకు ఆ పేరు పెట్టితిమి. ఇది పండితుల పదవివాదమే యైనచో మీ కాలమును వ్యర్థము చేయకుందును. కాని "పేలినది" అను క్రియకు కర్త ఎవరు? తుపాకి. దానిని పట్టుకొన్నవాడు వాక్యమునుండియే తప్పుకొన్నాడు. పిడుగు పడినది, ఏరు పొంగినది అన్నట్లే తుపాకి పేలినదని చెప్పి, భారము దైవముపై వేసి మరునాటికి మరచిపోవుచున్నాము.

తుపాకి లోహయంత్రము. తూటా దాని గదిలో నుండవలెను. మీట కదలవలెను, లేదా సుత్తికి దెబ్బ తగులవలెను. అప్పుడు గాని అది పేలదు. తూటాను గదిలోనికి ఎక్కించినవాడు మనుష్యుడే. దానిని అక్కడ మరచినవాడును మనుష్యుడే. ప్రమాదములలో పెక్కింటికి మూలము "ఇది ఖాళీ" యను నమ్మకము. నేటి పిస్తోలును తీసికొనుడు. తూటాలు పిడిలో దూర్చెడు మ్యాగజైనులో నుండును. పై భాగమును వెనుకకు లాగి విడిచినంతనే ఒక తూటా గొట్టము మొదటనున్న గదిలోనికి ఎక్కును. ఆ పిమ్మట మ్యాగజైనును ఊడదీసి బల్లపై పెట్టినను, గదిలోని తూటా గదిలోనే యుండును. తుడుచుటకు కూర్చున్నవాడు బల్లమీది మ్యాగజైనును చూచి నిశ్చింత వహించును. కొన్ని రకముల పిస్తోళ్లను విప్పుటకు ముందుగ మీట నొక్కక తప్పదు. నొక్కును. ఇంకొకడు మరింత జాగ్రత్తపరుడు. మొదట పై భాగమును లాగి గదిలోని తూటాను పారవేసి, తరువాత మ్యాగజైను తీయును. పాపము, ఆ లాగుటలోనే రెండవ తూటా మొదటిదాని స్థానమున వచ్చి కూర్చున్నదని ఎరుగడు. చేసిన పనులు రెండును సరియైనవే, క్రమము మాత్రమే తప్పినది. మొదట మ్యాగజైను తీయవలెను. పిదప గదిని ఖాళీ చేయవలెను. ఆ తరువాత కంటితో చూచి, వ్రేలితో తడవి చూడవలెను. ఇంత చేసినను గొట్టము ముందర ప్రాణి యెవ్వరును ఉండరాదు. చదువుకొనుటకు అమెరికా వెళ్లిన తెలంగాణా విద్యార్థి యొకడు 2024లో తుపాకి శుభ్రపరచుచునే ప్రాణము కోల్పోయెను. ఆ యింటి దుఃఖమును తలచినప్పుడు ఈ యక్షరాభ్యాసము మనకు చిన్న విషయముగ తోపదు.

రివాల్వరు సంగతి వేరు. 1873నాటి కోల్ట్ రివాల్వరులో ఆరు తూటాలకు చోటు కలదు. కాని సుత్తి నేరుగా తూటా వెనుకనే ఆని యుండుటచేత, క్రింద పడినచో పేలునని యెరిగినవారు ఐదింటినే నింపి, సుత్తి క్రింది గదిని ఖాళీగ నుంచెడివారు. పాతకాలపు ఆయుధము నింట నుంచుకొన్న మనవారిలో ఎందరికీ మర్మము తెలియును? 2024 అక్టోబరు 1వ తేదీ తెల్లవారుజామున ముంబయిలో హిందీ నటుడు గోవిందా తన లైసెన్సు రివాల్వరును సర్దుచుండగా అది జారి పేలి, గుండు కాలిలో దిగినదని ఆయన పక్షమువారు చెప్పిరి. పెద్దపేరు గలవాడగుటచే దేశమంతయు విన్నది.

యంత్రదోషము అసలే లేదని నేననుట లేదు. 2017లో అమెరికాలో సిగ్ సావర్ కంపెనీవారి పి320 పిస్తోలు కొన్ని కోణములలో నేలపై పడినప్పుడు పేలుట బయటపడగా, కంపెనీవారు వానిని మార్చి యిచ్చుటకు పూనుకొనిరి. అయినను నేటి పిస్తోళ్లలో అధికభాగము పడినంత మాత్రమున పేలకుండ నిర్మింపబడినవి. జారుచున్న దానిని పట్టుకొనబోయిన వ్రేళ్లు మీటకు తగులుటయే హెచ్చు అపాయకరము. జారిన గిన్నెను పట్టుకొనుట అలవాటైన చేతికి, జారిన పిస్తోలును పడనిమ్మని నేర్పుట శిక్షణవలన గాని సాధ్యము కాదు. 2008 నవంబరులో న్యూయార్కు నగరమునందలి యొక నైట్‌క్లబ్బులో ప్లాక్సికో బరెస్ అను అమెరికను ఫుట్‌బాలు క్రీడాకారుడు, ఒర లేకుండ నడుమున దోపుకొన్న పిస్తోలు జారగా, తన తొడలో తానే కాల్చుకొనెను. చుట్టును జనము కిక్కిరిసి యుండిరి. ఆ నగరమున చెల్లు లైసెన్సు లేనందున 2009లో అతనికి రెండేండ్ల ఖైదు విధింపబడినది.

ఇంతవరకు మరపువలన కలుగు కీడును చెప్పితిని. ఇక సంతోషమువలన కలుగు కీడు. ఉత్తర హిందూస్థానమున వరుని ఊరేగింపులో తుపాకి పేల్చుట గౌరవచిహ్నముగ చెల్లుచున్నది. 2016 డిసెంబరులో పంజాబునందు బఠిండా జిల్లాలో ఒక పెండ్లివేడుకలో, వేదికపై నాట్యమాడుచున్న యువతి అట్టి సంతోషపు గుండు తగిలి అక్కడనే కూలెను. పొట్టకూటికై ఆడవచ్చిన పిల్ల! పెండ్లివారితో ఆమెకు చుట్టరికము లేదు, వైరమును లేదు. పేల్చినవారి హోదా చాటుటకు ఆమె ప్రాణము వెచ్చమైనది.

"మేము ఆకాశములోనికి గదా కాల్చుచున్నాము, ఎవ్వరికేమి?" యని కొందరడుగుదురు. పైకి పోయినది క్రిందికి రాక యెక్కడికి పోవును? మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన దినములలో అమెరికా సైన్యమువారు జరిపిన పరీక్షలను జూలియన్ హాచర్ అను అధికారి గ్రంథస్థము చేసినాడు. నిట్టనిలువుగ కాల్చిన రైఫిలు గుండు తిరిగి వచ్చునప్పుడు సెకనుకు సుమారు 300 అడుగుల వేగముతో పడునని తేలినది. అది నిట్టనిలువుగ కాల్చినప్పటి లెక్క. ఊరేగింపులో త్రాగి తూలువాని చేయి నిట్టనిలువుగ నుండదు. ఏటవాలుగ పోయిన గుండు ఇంకను వేగముతో, మైలుదూరమునకు మించియు పోయి, మేడమీద నిద్రించు బిడ్డను గాని వీధి మలుపున నిలిచిన ముసలివానిని గాని వెదకుకొనును. పోర్టోరికో ద్వీపమున 2003 సంవత్సరాంతపు రాత్రి ఇట్టి వేడుక గుండ్లవలన 19 మంది గాయపడిరి, ఒకరు చనిపోయిరి.

మన ప్రభుత్వమువారు 2019లో ఆయుధ చట్టమును సవరించి, ఈ వేడుక కాల్పులను పేరు పెట్టి నేరముగ చేసిరి. సభలలో, దేవాలయాదులలో, వివాహములలో పరుల ప్రాణమునకు అపాయము కలుగునట్లు తుపాకి పేల్చినచో రెండేండ్లవరకు ఖైదు, లేదా లక్షరూపాయలవరకు జుల్మానా, లేదా రెండును. ఎవ్వరికిని గాయము తగులకున్నను నేరమే యనుట ఇందలి విశేషము. 2020లో సుప్రీముకోర్టు ముందు ఒక వ్యాజ్యము తుదివిచారణకు వచ్చినది. 2007లో ఉత్తరాఖండములో ఒక తండ్రి తన కుమారుని పెండ్లిలో పైకప్పువైపు తుపాకి పేల్చగా, రవ్వలు అతిథులకు తగిలి ఇద్దరు మరణించిరి. చంపవలెనను తలంపు లేదని కోర్టువారు హత్యానేరమును తొలగించిరి గాని, జనము క్రిక్కిరిసినచోట నింపిన తుపాకితో వచ్చినవానికి ఫలితము తెలియదనుటకు వీలులేదని పదేండ్ల శిక్ష విధించిరి. ఆత్మరక్షణకో, పంటరక్షణకో ఇచ్చిన లైసెన్సుతో వేడుకలు చేయరాదనియు పలికిరి. పై విభాగమునందలి మాటలు నాకు మిక్కిలి నచ్చినవి. చంపదలంపకపోవుట వేరు, నిర్దోషి యగుట వేరు.

సోదరులారా! ఈ లైసెన్సు మనకు ఊరక రాలేదు. 1878లో లిట్టన్ ప్రభువు కాలమున పుట్టిన ఆయుధ చట్టము భారతీయుని చేతినుండి ఆయుధమును లాగికొని, తెల్లవారికి మినహాయింపు నొసగినది. 1887లో మదరాసున కూడిన కాంగ్రెసు మహాసభ ఆ చట్టమును సడలింపుమని తీర్మానించినది. 1930 జనవరిలో మహాత్ముడు ప్రకటించిన పదునొకండు కోర్కెలలో, ప్రజాధికారమునకు లోబడి ఆత్మరక్షణార్థము ఆయుధ లైసెన్సు లొసగుట యొకటి. అహింసావ్రతుడు తుపాకి నడుగుటయా యని యప్పుడు వింతపడినవారు కలరు. ఆయన యడిగినది తుపాకిని కాదు, భారతీయుడు నమ్మదగినవాడను గుర్తింపును. "ప్రజాధికారమునకు లోబడి" యను మాటను మరువకుడు. తాతలు నమ్మకము నడిగి సంపాదించిరి. మనుమలు పెండ్లిపందిటిలో దానిని ఖర్చు చేయుచున్నారు.

మన తెలుగుదేశములలో ఈ పెండ్లికాల్పుల ఆచారము అంతగ ప్రబలలేదు. మనవారికి టపాకాయలే చాలును. అంతమాత్రమున మనము గర్వింపరాదు. అడవిపందుల వేటకు వాడు నాటు తుపాకికి లైసెన్సు లేదు, శిక్షణ లేదు, భద్రతామీటయు లేదు. చీకటిలో పొద కదలినచోటికి గురిపెట్టువాడు తోడువచ్చిన స్నేహితునే కొట్టుటయు కలదు. బ్యాంకులవద్ద గొట్టము జనమువైపు త్రిప్పి, తుపాకిని ఒడిలో పెట్టుకొని కునికిపాట్లు పడు కాపలావానిని మీరందరును చూచియేయుందురు. అతనిని నేను నిందింపను. పండ్రెండు గంటలు నిలువబెట్టి, ఏడాదికొక్కసారియైనను శిక్షణ యీయని యజమానిని నిందింతును. తుపాకి ఖాళీ చేయుటకు ఒక మూల ఇసుక నింపిన పీపా నుంచి, గొట్టమును దానివైపు త్రిప్పి ఆ పని చేయుడని చెప్పుటకు యెంత వ్యయమగును?

2016నాటి ఆయుధ నియమములు లైసెన్సు కోరువానికి భద్రతాశిక్షణ నిర్ణయించినవి. బహిరంగస్థలమున పిస్తోలును ఒరలో నుంచి కప్పవలెననియు, ఝళిపించుటగాని పేల్చుటగాని కూడదనియు శాసించినవి. నియమము కాగితముపై నున్నది. దానిని అమలులో పెట్టుటకు మీలో ప్రతివారికిని కొంత పని కలదు. కల్యాణమంటపముల యజమానులు ఇక్కడ కొందరున్నారు. అద్దె రశీదుపై "లోపలికి ఆయుధములు తేరాదు" అని ఒక పంక్తి అచ్చువేయింపుడు. తెచ్చినవారు ఎంత పెద్దవారైనను గుమ్మముననే ఆపి, పోలీసులకు కబురు పంపుడు. పెండ్లిపెద్దలు శుభలేఖ యిచ్చునాడే, తుపాకి గల బంధువునకు ఆ మాట చెవిని వేయుడు. పందిటిలో చెప్పినచో చిన్నబుచ్చుకొనును. ఇంట తుపాకి గలవారు ఆయుధము నొకచోట, తూటాలు మరియొకచోట తాళము వేసి, తాళపుచెవి పిల్లల కందనీయకుడు. పత్రికలలో వ్రాయు మిత్రులకు నా మనవి యిది: ఇకపై ఇట్టి వార్త వచ్చినప్పుడు, తుపాకిలో తూటా ఎవరు నింపిరి, గొట్టము ఎటు త్రిప్పియున్నది, వ్రేలు ఎక్కడ నున్నది అని మూడు ప్రశ్నలడిగి, వాని జవాబులను అచ్చువేయుడు.