బల్లకన్న ముందు గది



ఇంట పూల్ బల్ల కొనవలెనని పిల్లలు కోరుచున్నారు. ఈ ఆట మనకు దూరపుది కాదు. దీనికి దాయాదియైన స్నూకరు నియమములు 1882లో ఊటీ క్లబ్బులోనే ఏర్పడినవి.

అయినను వెల అడుగుటకు ముందు గది కొలువవలెను. ఎనిమిదడుగుల బల్లపై ఆడుచోటు 88 అంగుళముల పొడవు, 44 వెడల్పు. ఆడుకర్ర 58 అంగుళములు. దానికి నలుప్రక్కల చోటు వదలవలెను. మేము లెక్క వేయగా 17 అడుగుల పొడవు, 13½ వెడల్పు గల గది కావలసివచ్చినది. బల్లకు పలకరాయి పరచినది మేలు; అట్టచెక్క తేమకు ఉబ్బును. రాయి బరువు గనుక నేలమీది గదిలోనే ఉంచవలెను.

కట్టుగుడ్డ నేతకు పేరుపడిన సత్రపట్టిలో చోటు విలువ మనకు తెలియనిదా? మగ్గము కదల్చి, అవ్వ మంచము వసారాలోనికి నెట్టి తెచ్చు ఆట వేడుక కానేరదు. ఇంటికి క్యారంబోర్డు చాలును. పెద్దబల్ల సంఘమునకు కలసి కొందము. ఆడపిల్లల చేతికిని కర్ర అందింతము.