రంగుల మిఠాయి - పిల్లల నడవడి

తిరునాళ్ళకు పోయినపుడు పిల్లల చూపు మొదట రంగు మిఠాయి మీదనే పడును. నాలుక కంటె ముందు కన్ను మెచ్చవలెనని మన పెద్దలును ఎరుగుదురు. అందుచేతనే పులిహోరకు పసుపును, పాయసమునకు కుంకుమపువ్వును వాడిరి. 1856లో పెర్కిన్ అను ఆంగ్లేయుడు తారునుండి లభించు పదార్థముతో ఊదారంగును తయారుచేసిన పిమ్మట కృత్రిమపు రంగులు ప్రబలి, క్రమముగా ఆహారములోనికిని ప్రవేశించినవి. ఇవి చవుకయైనవి, కొద్దిపాటి చాలును. కాని బలము నీయవు, రుచియు నీయవు.

ఇవి పిల్లల నడవడిని మార్చునా? అమెరికాలో ఫైన్‌గోల్డ్ అను వైద్యుడు 1970 దశకమున ఈ ప్రశ్నను లేవదీసెను. 2007లో ఇంగ్లండునందలి సౌతాంప్టన్ విశ్వవిద్యాలయము వారు మూడేండ్ల పిల్లలకును, ఎనిమిది తొమ్మిదేండ్ల పిల్లలకును కొన్నాళ్ళు రంగులును, సోడియం బెంజొయేటును కలిపిన పానీయమును, కొన్నాళ్ళు అవి లేని పానీయమును ఇచ్చి చూచిరి. ఏది ఎప్పు డిచ్చిరో తల్లిదండ్రులకు తెలియనీయలేదు. రంగులు కలిసినపుడు సగటున చాంచల్యము కొంత హెచ్చెను. అయితే అది పిల్లలందరియందు ఒక్క తీరున లేదు. దోషము రంగుదో, బెంజొయేటుదో ఆ పరీక్ష విడదీసి చెప్పజాలదు. అయినను 2010 జూలై నుండి యూరోపియన్ యూనియన్‌లో ఆ ఆరు రంగులు గల ఆహారములపై, పిల్లల ఏకాగ్రతకు హాని కలుగవచ్చునను హెచ్చరికను ముద్రింపవలసి వచ్చినది.

ఆ ఆరింటిలోని టార్ట్రజిన్, సన్‌సెట్ యెల్లో మన దేశమునను అనుమతి గలవియే. మిఠాయిలలో కిలోకు 100 మిల్లీగ్రాములు మించరాదని నియమము. అనుమతి లేని రంగుల సంగతి మరింత ప్రమాదకరము. బట్టల అద్దకమునకు వాడు రోడమిన్-బి పీచుమిఠాయిలో కనబడుటచే, 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వము దాని అమ్మకమును నిషేధించెను.

అల్లరి చేయు బిడ్డ నెల్ల రంగు తినెనని శంకింపనక్కరలేదు. నిద్ర చాలకున్నను, ఆకలి గొన్నను పిల్లలు నిలుకడ తప్పుదురు. కాని కుదురు లేని బిడ్డను దండించుటకు ముందు, వాడేమి తినుచున్నాడో విచారించుట మన ధర్మము. పొట్లముపై 102, 110 అను సంఖ్యలున్నచో అవి పై రెండు రంగులే. రెండు మూడు వారములు అట్టివి మాన్పించి చూతము. మార్పు లేకున్న వైద్యుని అడుగుదము. పండుగనాడు ఇంట చేయు మిఠాయికి పసుపు, బీటురూటు రసము చాలును. పిల్లల సంతోషమునకు రంగు వలయునేగాని, అద్దకపు రంగు వలదు.